తప్పు పట్టని తరగతి

లెక్కల మేడమ్ ఇరవై ఏళ్లుగా రోజూ బోర్డు మీద కావాలనే ఒక తప్పు రాసేది. పిల్లలు గోలగోలగా పట్టుకునేవారు. సందేహించడం రానివాడికి లెక్క వచ్చినా రానట్టేనని ఆమె నమ్మకం. మూడు నెలలుగా పాఠాలన్నీ వీడియోలే. ఆమెది కాపలా పని.

"వీడియో తప్పు చెప్పదు కదమ్మా, ఇంకా మీరెందుకు?" అంది ప్రిన్సిపాల్.

"ఇవాళ నా తప్పు ఒక్కరు పట్టుకున్నా వీడియోలు ఆపండి. లేదంటే నేనే పోతాను."

ఏడెనిమిదులు యాభై నాలుగని రాసి, మేడమ్ ఎదురుచూసింది. నలభై మందీ తలలు వంచుకుని రాసుకున్నారు.

"ఎంత బుద్ధిమంతులో చూశారా! మీ హయాంలో చేపలబజారే," అని ప్రిన్సిపాల్ మురిసిపోయింది.

వెళ్లబోతూ మేడమ్ నాలుగును ఆరుగా దిద్దింది. పిల్లలు మారుమాట లేకుండా అదీ దించుకున్నారు.