తలుపు బయట సెంట్రీ

పానగల్ శివారులో చాలా కాలంగా తాళం వేసి ఉన్న వడ్ల గోదామును సినిమా వాళ్లు కిరాయికి తీసుకున్నారు. దాన్ని ఎనభైల నాటి పోలీసు ఠాణాగా మార్చాలి. గోడలకు రంగులేసే పని నల్లగొండ కాంట్రాక్టరు జుల్ఫికర్‌కు దొరికింది. అతని మనుషుల్లో అందరికంటే పెద్దవాడు కురుమయ్య. అరవై దాటిన మనిషి. నిచ్చెన ఎక్కితే మోకాళ్లు పట్టేస్తాయి కాబట్టి కిందిభాగం పని అతనికి ఇస్తారు.

ఆ సినిమాలో రంగులుండవు, అంతా నలుపూ తెలుపే. గోడలకు మాత్రం ఆకుపచ్చ వేయమన్నాడు కెమెరామన్. కెమెరాలో అది మాసిన బూడిదరంగులా కనపడుతుందట. కిటికీ అద్దాలకు నల్లరంగు పూయించి, పైన రేకుల సందులకు నల్లగుడ్డ కట్టించి, పట్టపగలే లోపల చీకటి చేశారు. ఒక్క దీపం వెలిగిస్తే మనిషి కంటే మనిషి నీడే పెద్దగా పడేది. డైరెక్టరు డానిష్ నల్లగొండ పిల్లవాడే, ముప్పై ఉంటాయేమో. ఒకరోజు చాయ్ తాగుతూ కురుమయ్యకు తన సినిమా సంగతి చెప్పాడు.

"ఇందుల హీరో అంటూ ఎవ్వడుండడు కాకా. దొంగను పట్టుకునేటోడు దొంగ కంటె చెడ్డోడు. అంత లంచాల మీదనే నడుస్తది. నిజంగ జరిగిన కథనే, మా మామ చెప్పేటోడు."

కురుమయ్య తలూపాడు. సినిమాలు చూసే అలవాటు అతనికి లేదు.

రెండోరోజో మూడోరోజో, అతను బోర్లించిన బకెట్ మీద కూర్చొని సద్ది తింటున్నాడు. సీఐ వేషం కట్టిన నటుడు నెత్తిన టోపీ, చేతిలో చిన్న బెత్తంతో అటుగా నడిచొచ్చాడు. కురుమయ్య తింటున్న గిన్నె కింద పెట్టి చటుక్కున లేచాడు. మడమలు రెండూ దగ్గరికి చేరాయి. ఎంగిలి చెయ్యి తొడకు అతుక్కుంది. నటుడు ఫోన్ చూసుకుంటూ పోయాడు గానీ, కానిస్టేబుల్ వేషం వేస్తున్న జానీ ఇది చూశాడు. జానీది మహబూబ్‌నగర్. చిన్నప్పటి నుంచి నాటకాలు వేసినవాడు, ఎదుటివాళ్ల ఒంటి తీరును గమనించడం అతని అలవాటు.

"కాకా, నువ్వు డిపార్ట్‌మెంట్ల చేసినవా?"

"చేసిన. కొన్నేండ్లు."

"ఎందుకు ఇడిషినవ్?"

"ఇడువలే. తీసేసిండ్రు," అని మళ్లీ గిన్నె ముందు కూర్చున్నాడు కురుమయ్య.

ఆ సాయంత్రం నటులు కాగితాలు పట్టుకొని మాటలు చదువుకుంటుంటే విన్నాడు. రైసుమిల్లు నుంచి లారీ బియ్యం మాయమవుతుంది. అమ్ముకున్నది మిల్లు యజమాని బావమరిదే. ఆ మాట బయటికి రాకుండా ఎస్సైకి పైసలు ముడతాయి. లారీ క్లీనర్‌ను తెచ్చి లాకప్పులో వేస్తారు. వాన పడుతున్న రోజు ఆ పిల్లవాడు దెబ్బలకు చచ్చిపోతాడు. కొట్టింది కానిస్టేబుల్ భూమయ్య, ఎస్సై దగ్గర వాటా తీసుకొని.

పేర్లు మార్చారు. మిగతాదంతా కురుమయ్యకు తెలిసిందే. ఆ భూమయ్య తనే.

కురుమయ్య పుట్టింది పాలమూరు వైపు ఒక పల్లెలో. వాళ్ల ఇంట్లో జీతం తెచ్చిన మొదటి మనిషి అతనే. నల్లగొండ జిల్లాలో హైవే మీది ఒక ఠాణాలో కానిస్టేబుల్‌గా చేరిన కొన్నేళ్లకు ఇది జరిగింది. క్లీనర్ పేరు సైదులు, ఇరవై ఏళ్లు ఉంటాయో లేదో. ఆ రోజు సెంట్రీ డ్యూటీ కురుమయ్యది. లోపల కొట్టింది ఎస్సై, అతని వెంట తిరిగే ఇద్దరు. సైదులు ప్రాణం పోయాక ఎస్సై ఇతన్ని పక్కకు పిలిచి, "లోపల నువ్వే ఉన్నట్టు ఒప్పుకో, నాలుగు నెలల సస్పెన్షన్‌తోటి పోతది, తర్వాత నేను చూసుకుంట" అన్నాడు. కురుమయ్య నమ్మాడు. నమ్మకపోయినా కాదనే ధైర్యం లేదు. నాలుగు నెలలు జైలయింది, జైలు తర్వాత ఏళ్ల తరబడి కోర్టయింది. చివరికి సాక్ష్యం చాలదని వదిలేశారు. తప్పు లేదని మాత్రం ఎవరూ అనలేదు. ఉద్యోగం తిరిగి రాలేదు. ఎస్సై పై హోదాల దాకా పోయి దండలు వేయించుకొని రిటైరయ్యాడు, కొన్నాళ్లకు చనిపోయాడు కూడా.

ఆ ఏళ్లన్నీ ఇల్లు నడిపింది భార్య భిక్షమ్మ. నాట్లకు పోయింది, పత్తి ఏరింది. బిడ్డ భాగ్యశ్రీని చదివించింది. బడిలో పిల్లలు ఆ అమ్మాయిని ఖూనీ కానిస్టేబుల్ బిడ్డ అని పిలిచేవారు. ఆమె ఆ మాటను ఇంటికి తీసుకురాలేదు. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖానలో నర్సు. తండ్రితో ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

సినిమా కథ వినొచ్చిన రోజు కురుమయ్య అన్నం ముందు కూర్చొని భార్యకు చెప్పాడు. భిక్షమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది.

"రేపటి సంది పోకు," అంది.

"నేను పోకుంటె జుల్ఫికర్ ఇంకోన్ని పెట్టుకుంటడు. సిన్మ ఆగుతదా?"

"ఆగకుంటె పాయె. నీ పేరు మీద మన్నువోసేటోళ్లకు నువ్వు గోడకు రంగేస్తవా?"

"నా పేరు ఏడుంది ఇండ్ల. భూమయ్య అని పెట్టుకున్నరు."

అతను మర్నాడు పనికి పోయాడు.

లాకప్పు సీను తీయడం మొదలుపెట్టారు. నలుపు తెలుపు సినిమా కదా, నెత్తురుకు ఎరుపు అక్కరలేదు. నల్లటి చిక్కటి పాకం ఒకటి గోడమీద చల్లేవారు. సీను సరిగ్గా రాకపోతే మళ్లీ మొదటి నుంచి. ప్రతిసారీ గోడ తుడిచి, మరక పోని చోట ఆకుపచ్చ పూయాలి. ఆ పని కురుమయ్యది. జానీ లాఠీ పట్టుకొని నిలబడి చూస్తుంటే అతను తడిగుడ్డతో గోడ తుడిచేవాడు. క్లీనర్ వేషంలో కింద పడుకున్న కుర్రనటుడు మధ్యలో లేచి నీళ్లు తాగేవాడు. ఆ కుర్రవాడు లేచిన ప్రతిసారీ కురుమయ్యకు ఎక్కడో కొంత తేలికయ్యేది. మళ్లీ పడుకోగానే గోడవైపు తిరిగి, తుడిచిన చోటే తుడిచేవాడు.

మరునాడు భిక్షమ్మ ఆటో ఎక్కి పానగల్ వచ్చింది. భర్తకు చెప్పలేదు. గోదాము బయట కుర్చీలో కూర్చున్న డానిష్ దగ్గరికి నేరుగా పోయింది.

"నువ్వేనా బిడ్డా సిన్మ తీస్తున్నది?"

"అవునమ్మా. చెప్పండి."

"నీ సిన్మల పిల్లగాన్ని కొట్టి సంపిన పోలీసు మా ఇంటాయన. లోపట గోడ తుడుస్తుండు, సూస్కో."

డానిష్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి, తన కుర్చీ ఆమెకు వేసి, ఆమె ముందు నేలమీద కూర్చున్నాడు. భిక్షమ్మ గొంతు పెంచలేదు. ఆ రోజు ఆయన కొట్టలేదని, జైలు ముందు నిలబడిన రోజుల నుంచి బిడ్డ బడి దాకా అన్నీ చెప్పుకుంటూ పోయింది. చెప్పడం అయిపోయాక, "ఆయన నీకు చెప్పడు. ఎవ్వరికీ చెప్పిండు కాదు. గందుకే నేనొచ్చిన," అని లేచి ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది.

ఆరోజు షూటింగ్ ఆపేశారు. డానిష్ వచ్చి కురుమయ్య పక్కన కూర్చున్నాడు.

"కాకా, నువ్వని నాకు తెల్వదు. మా మామ చెప్పింది, పాత పేపర్ల వచ్చింది, గంతే నమ్మిన. సగం సిన్మ అయిపోయింది. ఇప్పుడు నేనేం చెయ్యాలె?"

"నన్నెట్లన్న చూపియ్యి. నా ఫికర్ నాకు లేదు," అన్నాడు కురుమయ్య. చేతిలోని గుడ్డ మడుస్తూ, "సైదులు తల్లి బతికుందంట. తిరుమలగిరి దిక్కు చిన్నకొడుకు దగ్గర ఉంటదని ఇన్న. నీ సిన్మ ఆమె కూడ చూస్తది గద. అదొక్కటే," అన్నాడు.

"ఆమెకు నువ్వెప్పుడన్న చెప్పినవా, నువ్వు కొట్టలేదని?"

"ఏం మొఖం పెట్టుకొని పోవాలె?"

డానిష్ తన కారులో పోదామన్నాడు. కురుమయ్య రెండు రోజులు కాదన్నాడు, మూడోరోజు ఉతికిన చొక్కా వేసుకొని వచ్చాడు.

పుల్లమ్మ ఇంటి ముందు నీడలో కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. డెబ్బై దాటిన మనిషి, చూపు ఇంకా బాగానే ఉంది. కురుమయ్య చెప్పులు దూరంగా విడిచి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నేను కురుమయ్యనమ్మా. సైదులును పెట్టిన ఠాణల..."

"ఎరుకే. కోర్టుల సూషిన," అంది ఆమె. చెయ్యి ఆగలేదు.

"నేను కొట్టలేదమ్మా."

"గదీ ఎరుకే. మా ఊరి పెద్దమనుషులను పిల్చి నోరు మూపిచ్చింది ఎస్సై. కొట్టినోడే గద గంత తిరుగుడు తిరుగుతడు."

కురుమయ్య తలెత్తి చూశాడు. ఇన్నేళ్లుగా ఆమె తనను హంతకుడనుకుంటోందనే అనుకున్నాడు. ఆమె మాటతో ఊరట కలగలేదు.

"మరి నువ్వేడున్నవ్?" అడిగింది పుల్లమ్మ.

"తలుపు బయట."

"ఒర్రిండా?"

"ఒర్రిండు."

"ఏమని?"

ఆ అరుపు గుర్తొచ్చి అతను దూరంగా విడిచిన చెప్పుల వైపు చూశాడు. డానిష్ నేల చూస్తున్నాడు. ఆమె చేతిలోని చింతపండు కింద పెట్టి కురుమయ్య ముఖంలోకి చూసింది.

"చెప్పు. ఏమని ఒర్రిండు?"

"అమ్మా అని."

పుల్లమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "నన్ను పిల్షిండన్నట్టు. నాకు ఇనరాలే. నీకు ఇనొచ్చింది," అంది.

తలుపుకు గొళ్లెం బయటే ఉండేదని, తన భుజానికి తుపాకి కూడా ఉండేదని కురుమయ్యకు గుర్తుంది. అవి చెప్పి ప్రయోజనం లేదు. కోడలు రెండు గ్లాసుల్లో నీళ్లు తెచ్చి పెట్టింది. "తాగి పోండ్రి, ఎండల వచ్చిండ్రు," అంది పుల్లమ్మ, మళ్లీ గింజలు తీయడం మొదలుపెడుతూ. డానిష్ తాగాడు. కురుమయ్య గ్లాసు పట్టుకొని కూర్చున్నాడు గానీ నోటి దాకా తీసుకుపోలేకపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారు తిరుమలగిరి దాటింది.

"కొట్టలేదని మారుస్త కాకా," అన్నాడు డానిష్.

"మార్చు. గని నన్ను మంచోన్ని చెయ్యకు. తలుపు బయట నిలవెట్టు."

పెట్టుబడి పెట్టినాయన ఒప్పుకోవడానికి వారం పట్టింది. తీసిన సీను పారేసి కొత్తది తీశారు. కొత్త సీనులో లాకప్పు లోపల ఏం జరుగుతుందో కనపడదు. ట్యాంకరు నీళ్లతో వాన కురిపించారు. వరండాలో, మూసిన తలుపు ముందు, తుపాకి పట్టుకొని జానీ నిలబడతాడు. లోపలి నుంచి అరుపు వినపడుతుంది. కెమెరా అతని ముఖం మీదే ఉంటుంది. మొదలుపెట్టే ముందు జానీ కురుమయ్య దగ్గరికి వచ్చి అడిగాడు.

"కాకా, అప్పుడు ఎటు చూసుకుంట నిలవడ్డవ్?"

"వాన దిక్కు," అన్నాడు కురుమయ్య.

జానీ వాన దిక్కు చూస్తూ నిలబడ్డాడు. కురుమయ్య ఆ సీను చూడకుండా గోదాము వెనక్కి పోయి బ్రష్షులు కిరసనాయిలులో కడుగుతూ కూర్చున్నాడు. అరుపు వెనక్కి కూడా వినపడింది.

మరుసటి ఏడు సినిమా వచ్చింది. నల్లగొండలో ఒక టాకీసులో వారం ఆడింది, తర్వాత ఫోన్లలోకి వచ్చింది. నలుపు తెలుపు బొమ్మ ఎవరు చూస్తారని కొందరన్నారు, బాగుందని కొందరన్నారు. డానిష్ పుల్లమ్మ ఇంటికి పోయి చూపిస్తానంటే ఆమె వద్దందట. భిక్షమ్మ కూడా చూడలేదు. భాగ్యశ్రీ మహబూబ్‌నగర్‌లో చూసి, ఆదివారం ఫోన్ చేసింది.

"నాయినా, సిన్మ సూషిన."

"ఊ."

"మోకాళ్లు ఎట్లున్నయి? పనికి పోతున్నవా ఇంక?" అంది ఆమె.

"పోతున్న."

"నెలాఖరుకు వస్త. జర కూసొని మాట్లాడుకుందం."

"రా బిడ్డా," అన్నాడు.

ఆ నెలలో అతనికి చిట్యాలలో, హైవే పక్కన కడుతున్న హోటల్లో పని ఉంది. ఒక పొద్దున ఎదురుగా ఉన్న చాయ్ దుకాణంలో కూర్చున్నాడు. పక్క బల్లమీద ఇద్దరు లారీ డ్రైవర్లు ఫోన్లో ఆ సినిమానే చూస్తున్నారు. వాళ్లలో ఒకడు కురుమయ్య వైపు తిరిగాడు.

"సూషినవా పెద్దాయనా గీ సిన్మ? కొట్టెటోళ్ల మీద గాదు, గా తలుపు కాడ నిలవడ్డోడున్నడు సూడు, వాని మీద లేస్తది నాకు కోపం."

"అవు," అన్నాడు కురుమయ్య. "నాక్కూడ."

చాయ్ తాగేసి, గ్లాసు బల్లమీద పెట్టి, రోడ్డు ఖాళీ అయ్యేదాకా నిలబడి అవతలికి దాటాడు. నిన్న గోడ పగుళ్లకు పెట్టిన లప్పం ఆరింది. గరుకు కాగితంతో రుద్ది, మొదటి పూత వేయాలి.