మాఫ్ అన్న మాట

ఆ రోజుల్లో, హిందీవాళ్ల ఊళ్లో ఉక్కు ప్లాంటు కార్మికులుండే మా క్యాంప్ 2 బస్తీలో, కాలేజీ ఖర్చంటే ఫీజు ఒక్కటే అనుకునేవారు. నేను అనుకోలేదు. పదిహేడేళ్లకే ఏడాది మొత్తానికీ పద్దు రాశాను: ఫీజు నూట ఇరవై, పరీక్షలకు నలభై అయిదు, పాత పుస్తకాలకు అరవై రెండు, బస్సుకు తొంభై, వెరసి మూడు వందల పదిహేడు. (ఏడాదిలో చెప్పులు తెగకూడదు, అది షరతు.) ప్లాంటులో పనిచేసే నాన్న నెలకు ఇరవై చొప్పున పది నెలలు ఇవ్వగలనన్నాడు. నూట పదిహేడు తక్కువ. చేరడానికి ఇక ఒక్కరోజే గడువుందనగా, ఫీజు వాయిదాల్లో కట్టనిస్తారేమో అడగడానికి ఆయనే కాలేజీకి వెళ్లాడు.

తిరిగొచ్చి చొక్కా విప్పకుండానే, ఇక ఆ గడప తొక్కనని, నన్నూ తొక్కనివ్వనని చెప్పాడు. ఏం జరిగిందని అమ్మ అడిగితే, "ఏటి జరగాల? నోరు తెరిచి అడిగితే, ఆడపిల్లలకి మాఫ్ అన్నాడా గుమస్తా. నానేటి, ముష్టికెళ్లినానా?" అన్నాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన నాన్నకు హిందీ అబ్బింది పవర్ హౌస్ బజారులో. అక్కడ బిచ్చగాళ్లను 'మాఫ్ కరో', క్షమించు, అని పంపేయడమే ఆయన విన్నది. గుమస్తాను నాలుగు మాటలు అనేసి కూడా వచ్చాడట, అదీ తెలుగులో.

ఇక్కడే పుట్టి పెరిగిన నాకు నవ్వు ఆగలేదు (ఓణీ కొంగు నోట్లో కుక్కుకున్నాను). "నాన్నా, మాఫ్ అంటే పొమ్మనడం కాదు. ఆడపిల్లలు ఫీజు కట్టక్కర్లేదని," అన్నాను. ఫీజు ఒద్దంటే ఒద్దనాలి గానీ అని ఆయన గొణిగి, "మరి నాను తిట్టేసినానే," అన్నాడు.

మర్నాడు కాలేజీలో గుమస్తా కిటికీ దగ్గర నాన్న నా వెనక నిలబడి, నా తల మీదుగా వంగి, "మాఫ్ కరో భయ్యా," అన్నాడు. గుమస్తా తలెత్తకుండానే, "కల్ హీ కర్ దియా థా, బాబూజీ," అని ముద్ర కొట్టాడు. నిన్ననే చేసేశానని. ఫీజునో, తిట్లనో చెప్పలేదు.

పద్దులో మూడు రూపాయలు మిగిలాయి. బస్సెక్కే ముందు నాన్న రూపాయికి జిలేబీ కొంటే, దీన్ని ఏ ఖాతాలో రాయాలని నిలదీశాను. పొట్లం నా చేతిలో పెట్టి, ఇది రాయకే అన్నాడు. రాశాను. మొన్న మనవరాలి హాస్టలు ఖర్చులు కూడుతుంటే, పొట్లం పట్టుకుని లెక్క అడుగుతున్న ఆ పదిహేడేళ్ల పిల్ల గుర్తొచ్చింది. ఎదురుపడితే, చల్లారిపోతోంది, ముందు తినవే అని చెప్పేదాన్ని.