ఏడు ముళ్ళ గేర్ల సైకిలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. పదహారేళ్ళప్పుడు అందరికీ అంతేననుకుంటాను, తెలియనివన్నీ ఆ తర్వాతే ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. చేతిలో ఫోను, ఫోనులో వీడియోలు, పదో తరగతిలో చెప్పుకోదగ్గ మార్కులు, వీటన్నిటి మీద మా ఊళ్ళో ఇంకెవరికీ లేని గేర్ల సైకిలు. ఇక నేను నేల మీద నడుస్తానా? నడిచాను లెండి. సైకిలు పక్కన పెట్టుకుని, దాన్ని తోసుకుంటూ, కాలేజీ ఉన్న సుల్తానాబాద్ దాకా నడిచాను.

సైకిలు కొనిపించింది మా బాపు. మస్కట్‌లో మేస్త్రీ పని. అక్కడ దొరలు టోపీలు పెట్టుకుని గేర్ల సైకిళ్ళ మీద పోతుంటే చూశాడట, నా బిడ్డ కూడా అట్లనే కాలేజీకి పోవాలని ఫోనులో పట్టుబట్టాడు. పెద్దబాపుకు (మా బాపు అన్న, ఇంట్లో ఆయన మాటే మాట) అది సుతరామూ నచ్చలేదు. ఆరు కిలోమీటర్లు, కాలువ కట్ట మీద ఒక్కత్తే పోవుడేంది, ఆటో లేదా అన్నాడు. ఆటో ఉంది. ఆ ఆటోలో డ్రైవరు పక్కన రోజూ పెద్దబాపే కూర్చుని సుల్తానాబాద్‌లోని తన ఎరువుల దుకాణానికి పోతాడు. దారి పొడుగునా వెనక్కి తిరిగి, కాలేజీకి పోయే పిల్లలను ఆంధ్ర నుంచి అమెరికా దాకా రాజధానులు అడుగుతాడు. చివరికి ఒప్పందం కుదిరింది. ఒక్క నెల చూస్తాడు. ఆ నెలలో మూడుసార్లు కాలేజీకి ఆలస్యమైతే సైకిలు అమ్ముడే, నేను ఆటో ఎక్కుడే. నాకు ప్రాణం పోయినంత పనైంది కానీ, గేర్ల సైకిలుకు ఆలస్యమేమిటని ధీమాగా తల ఊపాను.

నేను పది పాసైతే కోడెను గుడి చుట్టూ తిప్పి కడతానని అవ్వ (మా దగ్గర అమ్మను అట్లాగే పిలుస్తాం) వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. సైకిలును కూడా ట్రాలీ ఆటోలో ఎక్కించి అక్కడికే తీసుకుపోయాం. కోడె మొక్కు తీరాక బండి పూజకు నిలబడ్డాం. ముందు కొత్త ట్రాక్టరు, వెనక కొత్త కారు, మధ్యలో మేము. అయ్యగారు సైకిలును చూశాడు, మమ్మల్ని చూశాడు, బెల్లుకు బొట్టు పెట్టాడు. ఆ తర్వాత అవ్వ కొంగులోంచి పసుపు దారం తీసింది. హ్యాండిలుకు కడితే పోరగాండ్లు తెంపుతరని, ఎవరి కంటా పడకుండా సైకిలు మధ్య గొట్టానికి కట్టింది. ఏళ్ళ తరబడి వరి మోపులు కట్టిన చేతులవి. మూడు చుట్లు చుట్టి, పండ్లతో బిగబట్టి, ఏడు ముళ్ళు వేసింది. నేను పక్కన నిలబడి ఫొటో తీసుకున్నాను.

మర్నాటి నుంచే పరేషాన్ మొదలైంది. మీట నొక్కితే గేరు తేలికకు పడుతోంది కానీ, తిరిగి బరువుకు రావడం లేదు. తేలిక గేరులో ఇరుక్కున్న సైకిలు ఎట్లా పోతుందో తొక్కినవాళ్ళకే తెలుసు. కాళ్ళు గిర్రున తిరుగుతాయి, చెట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి, మిగిలిన సగంలో నేను చెమటలు కక్కుతూ తొక్కుతున్నాను. రెండు వైపులా క్యాన్లు వేలాడేసుకుని, తుప్పు పట్టిన సైకిలు మీద పాలాయన నన్ను తీరిగ్గా దాటుకుని పోతూ, "ఏంది బిడ్డా, పిండి గిర్ని నడుపుతున్నవా?" అని అడిగాడు. ఆ రోజు కాలేజీ గేటు వేసేశారు. ఒకటి.

సాయంత్రం పానా చాచా దగ్గరికి పోయాను. సుల్తానాబాద్ మొదట్లో ఆయన సైకిల్ షాపు. పానా చేతిలో లేకుండా ఆయన్ను చూసినవాళ్ళు లేరు కాబట్టి ఆ పేరు. వెనక చక్రం పైకెత్తి పెడలు తిప్పాడు, మీట నొక్కాడు, మీట దగ్గరినుంచి తీగ వెంట వేలు పోనిచ్చాడు. ఒకచోట వేలు ఆగింది. లేచి చేతులు తుడుచుకుని, "అమ్మను ఒకసారి తోల్కరా బేటీ" అన్నాడు. ఎందుకు చాచా అంటే, గట్లనే, జర పనున్నది అన్నాడు.

అంతకు రెండు రోజుల ముందు, ఇంకా పూజకు పోకముందే, కాలువ కట్ట మీద నేను రెండు చేతులూ వదిలేసి సైకిలు తొక్కుతుంటే ఎదురుగా వచ్చింది ఈ చాచానే. అది చెప్పడానికే అవ్వను రమ్మంటున్నాడని నాకు నూటికి నూరు పాళ్ళూ తెలిసిపోయింది. (చెప్పాను కదా, నాకు తెలియనిది లేదు.) అందుకని అవ్వను తీసుకుపోలేదు. వీడియోలు చూశాను. వెనక రెండు స్క్రూలు ఉంటాయట, వాటిని తిప్పితే సరిపోతుందట. తిప్పాను. ఎటు తిప్పానో గుర్తు పెట్టుకోకుండా మళ్ళీ తిప్పాను. మర్నాడు పోయి చాచాకే గేర్ల శాస్త్రమంతా విడమరిచి చెప్పాను. ఆయన పంక్చరు ట్యూబు గీరుతూ అంతా విని, అచ్ఛా అన్నాడు. ఆపైన మళ్ళీ అదే మాట, అమ్మను తోల్కరా అని.

అరగంట ముందే బయలుదేరి రోజులు నెట్టుకొస్తుంటే, ఆ వారంలోనే ఒకనాడు చెయిను చక్రం పుల్లల్లోకి పోయి ఇరుక్కుంది. కాలువ కట్ట నుంచి కాలేజీ దాకా తోసుకుంటూ నడిచాను. రెండు. సైకిలుకు ఒంట్లో బాగాలేదని తెలిసి అవ్వ నిట్టూర్చింది. దిష్టి తగిలిందని తేల్చి, పసుపు దారం మీదే ఇంకో నల్లదారం కట్టింది, మరింత బిగించి. దాంతో ఆ పడే ఒక్క గేరు కూడా పడడం మానేసింది. పెద్దబాపు అప్పుడే బేరం మొదలుపెట్టాడు. ఎరువుల దుకాణానికి వచ్చేవాళ్ళలో సైకిలు కొనేవాళ్ళెవరైనా ఉన్నారేమో అడుగుతున్నాడని తెలిసింది. ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు. ఆటో వద్దు, రాజధానులు వద్దు. కాలువ కట్ట మీద పొద్దున్నే మొహానికి తగిలే ఆ గాలి నాకు కావాలి. దాని కోసం అవ్వతో తిట్లు తినడానికైనా సిద్ధమే అనుకున్నాను.

ఆదివారం అవ్వను వెంటబెట్టుకుని పోయాను. చాచా లేచి నిలబడ్డాడు. చేతిలో పానా కింద పెట్టాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"అమ్మా, గేరు తీగ నీ మొక్కు దారం కింద నలుగుతున్నది," అన్నాడు. "పోరి మీట నొక్కితే బలంగ లాగుతది గని, వెనకకు గుంజే స్ప్రింగు చిన్నది, పాపం దానితోని అయితలేదు. నేను కత్తెర పెడితే మంచిగుండదు. నువ్వే జర విప్పి, ఇంకోదగ్గర కట్టు."

మొదటి రోజే తెలుసట ఆయనకు. దేవుడి దారాన్ని తాను ముట్టుకోకూడదని, ఆ మాట నాలాంటి పిల్లతో చెప్పిపంపితే అవ్వ మనసు నొచ్చుకుంటుందని ఆగాడట. ఆ వారమంతా ఆయనకు పని రాదని నేను కాలేజీలో నలుగురికీ చెప్పి ఉన్నాను. అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అవ్వ వంగి ఆ దారాన్ని వేలితో తడిమింది. "కోడెనన్న గుడి సుట్టు తిప్పినంకనే కడతం," అంది మెల్లగా. "నేను దీన్ని తిరగకముందే కట్టేస్తి." అని నవ్వింది. చాచా నవ్వాడు. అవ్వ కత్తెర వద్దంది. కింద కూర్చుని గోళ్ళతో, పండ్లతో ముందు నల్లదారం, తర్వాత పసుపు దారం ఏడు ముళ్ళూ విప్పి, రెండింటినీ సీటు కింద కట్టింది. నేను అడ్డదిడ్డంగా తిప్పిన స్క్రూలను చాచా సరిచేశాడు. మీట నొక్కితే టక్కుమని పడింది, మళ్ళీ నొక్కితే టక్కుమని తిరిగొచ్చింది. ఆ చప్పుడు ఎంత బాగుందో ఇప్పటికీ చెప్పలేను.

పోతూ పోతూ అవ్వ అడిగింది, మా పిల్ల సైకిలు పద్ధతిగా తొక్కుతదా అని. చాచా నా వైపు చూడనైనా చూడలేదు. "బంగారమసొంటి పిల్లమ్మా. రెండు చేతులు హ్యాండిలు మీదికెళ్ళి తియ్యనే తియ్యది," అన్నాడు. ఆ తర్వాత నేను నిజంగానే తియ్యలేదు.

సోమవారం పాలాయన్ను కాలువ మలుపులో దాటేశాను. బెల్లు కొట్టకముందే క్లాసులో ఉన్నాను. నెల ముగిసేసరికి ఆలస్యం రెండంటే రెండు రోజులే. పెద్దబాపు సైకిలు అమ్మే మాట ఎత్తలేదు సరికదా, ఆదివారాలు పొలానికి దానిమీదే పోవడం మొదలుపెట్టాడు, గేర్లన్నీ మార్చి మార్చి చూసుకుంటూ.

ఇప్పుడు నాకు కరీంనగర్‌లో ఉద్యోగం. పోయినేడు కారు కొన్నాను. పూజకు వేములవాడ పోయాం. అవ్వ కొంగులోంచి పసుపు దారం తీసింది, కానీ కట్టలేదు. దారం పట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగింది, వంగి కిందికి కూడా చూసింది.

"బిడ్డా, దీని గేరు తీగ ఏడికెళ్ళి పోతది? ముందుగాల చెప్పు, గాడ తప్పిచ్చి కడత."

నిజం చెప్పొద్దూ, నాకు తెలియదు. అయినా బానెట్ వైపు గట్టిగా చేయి చూపించి, ఇటునుంచి ఇటు పోతుంది అవ్వా అని చెప్పాను. ఆ పదహారేళ్ళ పిల్ల ఎక్కడికీ పోలేదు. అవ్వ నా మొహం చూసి, ఏమనుకుందో ఏమో, దారం నా చేతికే కట్టింది.