బాడుగ లేని ఇంట్లో ఉత్తరాలు

పోయిన నెలలో ఒక ఉదయం పెన్షనర్ల సంఘానికి బయలుదేరి చెప్పులు వేసుకుంటూ ఉండగా నగరి నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. చెల్లెలంటే మా చిన్నాయన కూతురు. ఆయన పోయి అప్పటికి పది నెలలు. "అన్నా, నాయన కంప్యూటర్లో రాసిన ఉత్తరాలన్నీ సంవత్సరీకానికి చిన్న పుస్తకంగా అచ్చేయించి నేసేవోళ్లకు పంచుదామనుకుంటా ఉండా. అవన్నీ నీ దగ్గిరే గదా ఉండేది?" అని అడిగింది. చూసి చెబుతానమ్మా అని ఫోన్ పెట్టేసి, చెప్పులు విప్పకుండానే వసారాలో కూలబడ్డాను. ఆ ఉత్తరాలు నా దగ్గర లేవు. ఎవరి దగ్గరా లేవు. ఆ సంగతి నాకు రెండేళ్లుగా తెలుసు.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఈమెయిల్ అనేది కొత్తగా వచ్చిన రోజుల్లో దాన్ని మనం ఉత్తరమనే అనేవాళ్లం. నేనప్పుడు తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయం కంప్యూటర్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. మాది మగ్గాల ఇల్లు గనుక, చీర అంచులూ బుటాలూ కంప్యూటర్లో గీసుకునే ప్రోగ్రాం ఒకటి ఉంటే బాగుండునని నాకు ఆశ పుట్టి, వేర్వేరు ఊళ్లలో ఉన్న నలుగురు స్నేహితులతో కలిసి రాయడం మొదలుపెట్టాను. అమ్ముకోవడానికి కాదు, ఎవరైనా వాడుకోవచ్చు, లోపలేముందో విప్పి చూడవచ్చు, మార్చుకుని మళ్లీ పదిమందికి పంచవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే ఇంత చదువుకుని ఊరికే పంచిపెట్టడమా అని మా ఇంట్లోనే నవ్వేవాళ్లు. మా మాటామంతీ జరిగేది, ప్రోగ్రాం వాడుకునే నేతగాళ్లు వచ్చి చేరిందీ ఒక ఉత్తరాల గుంపులో. అందులో ఒకరు రాస్తే అందరికీ చేరేది. దాన్ని నడిపే యంత్రం నా బల్ల కిందే ఉండేది. కరెంటు పోతే ఆగిపోయేది, వానాకాలం చీమలు పట్టేవి, ఆయుధపూజకు దానికీ కుంకుమ పెట్టి నిమ్మకాయ కోసేవాళ్లం.

ఆ గుంపుకు ప్రాణం నగరిలో మగ్గం నేసే మా చిన్నాయన. యాభై దాటాక ఒక్క వేలితో తెలుగు టైపు చేయడం నేర్చుకుని, వెంకటగిరి నుంచో ధర్మవరం నుంచో ముక్కూమొహం తెలియని నేతగాడు అంచు దగ్గర పోగు ఎందుకు తెగుతోందని అడిగితే, ముందు నాలుగు చివాట్లు పెట్టి, తర్వాత మూడు పేజీల జవాబు రాసేవాడు. మగ్గం మీద పడుగు పోగులు దూరే అచ్చులో పోగులెన్ని, ఏ అంచు ఏ తాత ఎట్లా నేసినాడు, ఎక్కడ మోసం చేయవచ్చు, ఎక్కడ చేయకూడదు, అన్నీ అందులోనే. నేను చేసిన సోమరిపని ఒకటుంది. ప్రోగ్రాంలో ఫలానా లెక్క ఎందుకలా వేశామో పక్కన వివరంగా రాయవలసిన చోటల్లా "చిన్నాయన ఉత్తరం చూడండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను.

కొన్నేళ్లకు మా ఉత్తరాలు కొందరికి చేరడం మానేశాయి. పెద్ద మెయిల్ కంపెనీలు మా చిన్న యంత్రం నుంచి వచ్చేదాన్ని చెత్తబుట్టలో వేసేవి. నా కింద చేరిన కుర్ర ఉద్యోగి, ఈ అవస్థ మనకెందుకు సార్, పేరున్న కంపెనీ ఊరికే చోటిస్తుంటే అక్కడికి మార్చేద్దామన్నాడు. అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, నాకూ ఓపిక సన్నగిల్లింది. తిరుపతికి వచ్చిన చిన్నాయనకు ఈ మాట చెబితే ఆయన, "బాడుగ లేకుండా ఇల్లిచ్చినోడు ఎప్పుడు లెయ్యమన్నా లెయ్యాల్సిందే గదప్పా. పాత పడుగు అయిపోయినా అచ్చులో మూరెడు ఉంచి దానికే కొత్త పోగులు అతుకుతాం మనం. మీరు ఈ పెట్టెను అట్లే ఉంచుకోండి" అన్నాడు. కంప్యూటర్‌కు మగ్గం సామెతలా అని నవ్వేశాను.

పాత ఉత్తరాలన్నీ కొత్త చోటికి ఎక్కించి, పాత యంత్రాన్ని ఇక పనికిరాదని కండెం చేయమని కాగితం పెట్టాను. కండెం చేయాలంటే డిస్కు తుడిచి ఇవ్వాలని స్టోర్స్ వాళ్ల నియమం. నా చేత్తోనే తుడిచాను. తర్వాత రిటైరయ్యాను, నా ఆఫీసు మెయిల్ మూసేశారు. గుంపును నడిపే మనిషినని నేను కంపెనీకి రాసిచ్చినదీ ఆ చిరునామానే. వాడకం తగ్గిన గుంపులను తీసేస్తున్నాం, కావలసినవి దించుకోండి అని కంపెనీ ఎన్నిసార్లు హెచ్చరించిందో గాని, ఆ హెచ్చరికలన్నీ మూసిన తలుపుకే కొట్టుకుని ఉంటాయి. రెండేళ్ల కింద నేను వెతుక్కుంటూ వెళ్లేసరికి అక్కడ ఏమీ లేదు. కంపెనీకి మొరపెట్టుకుంటే, తీసేసినవి తిరిగి రావని యంత్రం రాసిన జవాబు వచ్చింది. మెయిల్ డబ్బాలు నిండిపోతున్నాయని స్నేహితులందరూ ఉత్తరాలు తమ దాకా రాకుండా ఆపేసుకుని, అక్కడికే పోయి చదివేవాళ్లట. ఒకరి దగ్గర మాత్రం చిన్నాయనవి మూడు దొరికాయి, మూడూ దసరా శుభాకాంక్షలే.

ఇంతకంటే చెప్పుకోలేనిది ఇంకొకటుంది. అప్పటికి చిన్నాయన బతికే ఉన్నాడు. ఏడాది పైన బతికాడు. నగరి ఎంత దూరమని, పొద్దున బస్సెక్కితే టిఫిన్ వేళకు చేరవచ్చు. పోయి నిజం చెప్పి, ఎదురుగా కూర్చుని మళ్లీ చెప్పించుకుని రాసుకుని ఉండవచ్చు. పోయాను కూడా, రెండుసార్లు. గుంపులో ఇప్పుడెవరూ అడగడం లేదేమప్పా అని ఆయనే అడిగితే, అందరూ పనుల్లో ఉన్నారు చిన్నాయనా అని అబద్ధమాడి వచ్చాను. ఆయన ఎదుట తలదించుకోవలసి వస్తుందని భయపడ్డాను, అంతే.

మొన్న పోయి చెల్లెలికి అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "పోనీలే అన్నా. నువ్వు నాయనకు రాసినవన్నా ఉండాయా?" అంది. అవీ లేవు. మా పెద్దల కాలంలో రాసినవాడి మాట చేరినవాడి ఇంట్లో ఉండేది, జవాబు ఇవతలి ఇంట్లో ఉండేది. ఒక ఇల్లు కారి తడిసినా రెండోదాంట్లో సగమైనా మిగిలేది. ఎవరికీ సొంతం కానక్కరలేదని ప్రోగ్రాం రాసిన మేము, మా మాటలను మాత్రం మాకే సొంతం కాకుండా చేసుకున్నాం. ఇప్పుడు ప్రోగ్రాంలు రాసే పిల్లలూ తమ మాటలు అట్లాంటి చోట్లే రాసుకుంటున్నారు. చెప్పి చూశాను, పాతకాలం మనిషినని ఊరుకున్నారు.

చెల్లెలు లోపలికి పోయి ఒక నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టుకుంది. "నీకు గెవనం ఉండేవి చెప్పన్నా, రాసుకుంటా" అంది. మధ్యాహ్నం భోజనాల వేళదాకా గుర్తున్నవన్నీ చెప్పాను. చెప్పేకొద్దీ ఏది ఆయన మాటో ఏది నేను అతికిస్తున్నదో నాకే తెలియలేదు. అన్నేళ్లు ఒక్క వేలితో రాసిన మనిషి మాటల్లో నేను చెప్పగలిగింది ఒక పేజీ నిండలేదు.