గానుగ లేని లెక్క

జ్వరాలు ఊళ్లలో ఎలా పాకుతాయో సమీకరణాలతో అంచనా కట్టడం నా ఉద్యోగం. అనకాపల్లి చుట్టుపక్కల పల్లెలకు వేసిన అంచనా మాత్రం చెరకు ఆడే రోజుల్లో ఏటా తప్పేది. దోమలను తిట్టాను, కంప్యూటర్‌ను తిట్టాను. చివరికి ఒక పల్లెకు వెళ్లి, బెల్లం పెనం కింద పొయ్యిలో చెరకు పిప్పి వేస్తున్న ముసలమ్మను అడిగాను, ఇక్కడి వాళ్లు ఎక్కడ పడుకుంటారని.

"ఈ రోజుల్లో ఇంటికాడ ఎవులుంటారు బాబూ? పిల్లాజెల్లాతో వంటా, పడకా అంతా గానుగ కాడే కదేటి!"

నా సమీకరణంలో అందరూ ఇళ్లలోనే పడుకున్నారు.

తియ్యటి ఆవిరి కమ్మేసింది. అందులో నా చిన్నతనం కనబడింది: మా అమ్మ ఇలాగే పొయ్యి ముందు కూర్చుని ఉంది. పక్కన పిప్పి గుట్ట మీద నేను, సగం నిద్రలో.

ఇంత చదువూ చదివి, లెక్కలోంచి నన్నే వదిలేశాను.