అమ్మకుండా ఉంచుకున్న మూల

నాన్న సమాధి మీద పేర్చిన కట్టెలు చూసిన రోజు మా అమ్మ మా ఇద్దరితోనూ మాట్లాడటం మానేసింది.

పేర్చింది తమ్ముడు. పేర్చమన్నది, ఇల్లు అమ్మిపెడతానని మా చుట్టూ తిరుగుతున్న బ్రోకరు. "సమాధి ఉన్న ఇల్లంటె ఎవడు కొంటడు తమ్మీ? మీద కట్టెలు పేర్చు. రిజిస్ట్రేషన్ అయినంక వాళ్ళే జూసుకుంటరు" అన్నాడట. మా తమ్ముడు చెడ్డవాడేం కాదు. కొత్తగూడెంలో కరెంటు పని చేసుకుంటాడు, అమ్మంటే ప్రాణం. కానీ ఎవరు గట్టిగా చెబితే వాళ్ళ మాట వింటాడు. నేను అంతకంటే గట్టిగా చెప్పేదాన్నే, కాకపోతే వాడు పేర్చేటప్పుడు ఊళ్ళో లేను.

మా ఊరు ఇల్లందు నుంచి ఖమ్మం వచ్చే దారిలో ఉంటుంది. నాన్న ఇల్లందు బావుల్లో పనిచేస్తూ ఆ పెంకుటిల్లు కట్టాడు. ఆయన చనిపోయిన ఏడాది వాన ఎంతకీ తెరిపి ఇవ్వలేదు. వాగు పొంగి రోడ్డు మీదికి వచ్చింది. ఇల్లందులో చర్చి వాళ్ళ శ్మశానానికి తీసుకుపోయే దారి లేక, పెరట్లో సీతాఫలం చెట్టు దగ్గర మూలన పెట్టాం. పాస్టరుగారు మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచి వచ్చి ప్రార్థన చేశారు. అప్పటినుంచి ఏటా సమాధుల పండుగకి అందరూ శ్మశానానికి పోతే మేం మా పెరట్లోకి పోయేవాళ్ళం.

తర్వాత అమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను, పెళ్ళి చేసుకోలేదు, కాబట్టి అమ్మని నా దగ్గరికి తెచ్చుకున్నాను. మాది పై అంతస్తులో కిరాయి పోర్షను. అమ్మ దవాఖానకి దిగాలంటే ఒక పూట, ఎక్కాలంటే ఇంకో పూట. మధ్యలో మెట్టు మీద కూర్చుంటే ఇంటి ఓనరు భార్య "దారికి అడ్డం కూసున్నరు" అనేది. ఎన్నిసార్లు ఆమెతో పోట్లాడానో దేవుడికే తెలుసు. చివరికి మా బడి వెనక సందులో, మెట్టన్నదే లేని రెండు గదుల ఇల్లు అమ్మకానికి వచ్చింది. ఒక్క గడప దాటితే లోపలే. చూడగానే మనసు పడి, ఎవరినీ అడక్కుండా బయానా ఇచ్చేశాను. ఊళ్ళో ఇల్లు అమ్ముడుపోతేనే అది మాకు దక్కేది. అమ్మేవాళ్ళు ఎండాకాలం దాకా ఆగుతామన్నారు, ఆపైన ఆగలేమన్నారు.

బ్రోకరు మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. తోటి టీచరు ఒకావిడ చెబితే కోర్టు దగ్గర మందుల షాపు పైన ఉండే వకీలమ్మ దగ్గరికి వెళ్ళాను. యాభై దాటిన మనిషి, చీర కింద స్పోర్ట్స్ షూ. నేను ఇంకా కుర్చీలో సర్దుకోకముందే అడిగింది.

"అమ్మే ఇల్లు ఏజెన్సీల ఉన్నదా, బయటనా?"

మా ప్రాంతంలో ఇది అడగకుండా ఇల్లు కొన్నవాడు తర్వాత నెత్తీ నోరూ కొట్టుకుంటాడు. ఏజెన్సీ ఊళ్ళలో గిరిజనులు కానివాళ్ళు ఇల్లు గానీ భూమి గానీ కొంటే చట్టం ముందు అది చెల్లదు. మా ఊరు ఆ గీతకి ఇవతల ఉందని చెప్పాను. కొనేవాళ్ళు టేకులపల్లి అవతలి అడవి ఊరి గిరిజనులే అని కూడా చెప్పాను.

"మంచిగైంది. మరి ఖమ్మంల కొనేదానికి బయానా ఎవరినడిగి ఇచ్చిన్రు?"

"ఎవరినీ అడగలేదు మేడం."

"లెక్కల టీచరు గద నువ్వు!" అంది. నాకు చుర్రుమంది, కానీ నోరు మూసుకున్నాను. అలా మూసుకోవడం నాకు చాలా అరుదు. వారం తిరక్కుండా ఆమే ఆ ఇంటి పాత దస్తావేజులన్నీ తీయించి చూసి, ఏ తాకట్టూ లేదు, ఏ తగాదా లేదు, కొనొచ్చని ఫోన్ చేసింది. ఆ రోజు బడిలో పిల్లలని ఒక్క మాట కూడా అనలేదట నేను. వాళ్ళే ఆశ్చర్యపోయి చెప్పుకున్నారు.

ఊళ్ళో ఇల్లు నాన్న పేరు మీదే ఉంది కాబట్టి ఇప్పుడది అమ్మదీ, నాదీ, తమ్ముడిదీ. ముగ్గురం సంతకం పెట్టాలి. ఒక్కరు ఆగినా అమ్మకం ఆగినట్టే. వకీలమ్మ ఇంకో మాట కూడా చెప్పింది, ఇల్లు చూడనిదే దస్తావేజు రాయనని. "పెంకుటిల్లు, అందులో చూసేదేముంది మేడం?" అన్నాను. "రాసేది ఇంటి గురించి. ఇల్లు చూడకపోతే ఏం రాయాలె?" అంది.

ఆమె వస్తానన్న రోజే కట్టెల సంగతి బయటపడింది. ముందురోజు తమ్ముడు వెళ్ళి ఇల్లు శుభ్రం చేస్తానంటే సరే అన్నాం. పొద్దున్నే అమ్మా నేనూ బస్సు దిగి పెరట్లోకి వెళ్ళి చూస్తే, నాన్న ఉన్న చోట నిలువెత్తు కట్టెల దొంతర. అమ్మ ఒక్కసారి చూసింది. అరవలేదు. నేనే అరిచాను, ఊరు లేచేట్టు అరిచాను. అమ్మ మాత్రం కర్ర పట్టుకుని వచ్చి అరుగు మీద కూలబడి, "నేను సంతకం పెట్ట. మీరు మీరు ఏం జేసుకుంటరో జేసుకోండ్రి" అంది. ఆ తర్వాత మంచినీళ్ళు ఇచ్చినా తాగలేదు. ఖమ్మం ఇల్లు కళ్ళముందే జారిపోతున్నట్టు అనిపించింది. మళ్ళీ ఆ మెట్లు, ఆ ఓనరు భార్య, మెట్టు మీద కూర్చుని ఎగశ్వాస తీసే అమ్మ. నాకు ఏడుపొచ్చింది. తమ్ముడు దూరంగా గోడకి ఆనుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

వకీలమ్మ స్కూటీ మీద వచ్చింది. ఇంటి చుట్టూ నాలుగు పక్కలా తిరిగి, ఎవరి గోడ ఎవరిదో అడిగి, పెరట్లో కట్టెల ముందు ఆగింది.

"లోపల గ్యాస్ పొయ్యి చూసిన. ఈ ఇంట్ల ఎవరూ ఉంటలేరు. మరి ఇన్ని కట్టెలు ఎవరికి?"

తమ్ముడు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. అరుగు మీంచి అమ్మ అంది:

"మా ఆయనకు. సలి పెడ్తదని కొడుకు కప్పిండు."

వకీలమ్మకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. "తియ్ బాబూ. అన్నీ తియ్" అంది తమ్ముడితో. వాడు తీస్తూ ఉంటే నిలబడి చెప్పింది. "రేపు వాళ్ళు ఇంట్ల దిగినంక ఇది చూస్తరు. దాచిపెట్టి అమ్మిన్రని కేసు ఏస్తరు. ఏస్తే తప్పేముంది? అప్పుడు ఈ మోకాళ్ళతోని మీ అమ్మ కోర్టు మెట్లు ఎక్కాలె. బ్రోకరు ఎక్కడు."

తమ్ముడికి అప్పుడు నోరు పెగిలింది. "పోనీ మేడం, ఇల్లందుల చర్చి వాళ్ళ జాగల పెడదాం. అడిగి, తీసుకపోయి..."

"తవ్వుతవా మీ నాయినని?" అంది అమ్మ. వాడు మళ్ళీ కట్టెల దగ్గరికి పోయాడు.

వకీలమ్మ అరుగు మీద అమ్మ పక్కన కూర్చుంది. షూ విప్పుకుని కాళ్ళు చాపింది. అమ్మే మొదలుపెట్టింది. "సమాధి సంగతి సరేనమ్మా. రేపు నేను పోయినంక..."

"అబ్బ, మొదలుపెట్టావా! ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అన్నాను. నాకది అలవాటు. అమ్మ చావు మాట ఎత్తితే వినలేను, అందుకే మధ్యలోనే తుంచేస్తాను. తమ్ముడిదీ అదే పద్ధతి, వాడైతే లేచి బయటికి పోతాడు.

వకీలమ్మ నా వైపు చెయ్యి చాపింది, క్లాసులో నేను పిల్లల వైపు చాపినట్టే. "టీచరమ్మా, నువ్వు జర ఆగు. చెప్పమ్మా, నువ్వు పోయినంక?"

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆయన పక్కన నాకు జాగ కావాలె. గంతే. ఇల్లు అమ్ముకోనియ్, నేనెప్పుడు వద్దన్న? ఆ జాగ కూడ పోతదని నా బాధ, అందుకే సంతకం పెట్టనన్న. నేను గా మాట ఎత్తితె ఈ పిల్ల నోరు మూపిస్తది, ఆ పిలగాడు పారిపోతడు. ఇగ ఎవరికి చెప్పాలె?"

ఇన్నాళ్ళుగా అమ్మకి ఊరి మీద మమకారం చావలేదనుకున్నాను. మొండితనమనుకున్నాను. ఒకసారైతే చాదస్తమని మొహాన్నే అన్నాను. ఆమె అడిగేది ఇంత చిన్న చోటు!

వకీలమ్మ మాత్రం నవ్వింది. "గింతేనా? దీనికా సంతకం పెట్టనన్నవ్? లే అమ్మా, చూపిస్త."

అమ్మని పట్టుకుని పెరటి వెనక్కి తీసుకుపోయింది. ముళ్ళకంచె అవతల పాత డొంక ఉంది. ఎడ్లబండ్లు పోయే మట్టిదారి అది, ఇప్పటికీ పశువులు పోతాయి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న దారే, కానీ మాకెప్పుడూ తట్టలేదు. "అమ్మేదాంట్ల ఈ మూల కలపం. ఇది మీదిగనే ఉంటది. డొంక దిక్కు చిన్న గేటు పెట్టుకోండ్రి. వచ్చినా పోయినా వాళ్ళ ఇంట్ల నుంచి నడిచే పని లేదు, ఎవరినీ అడిగే పని లేదు. దస్తావేజుల కూడ ఈ మూల అమ్మలేదని రాస్త, పటం గీపిస్త."

అంతలోనే మాట ఆపి, నిజం కూడా చెప్పింది. "జాగ నీదని నేను రాసియ్యగలను. అందుల పెట్టనిచ్చేది పంచాయతీ. వాళ్ళకు అర్జీ రాస్త. వాళ్ళు అవ్ అన్నంకనే నువ్వు సంతకం పెట్టు."

తమ్ముడు టేపు తెచ్చాడు. కట్టె దుమ్ముతో వాడి మొహం నల్లగా ఉంది, కళ్ళ కింద మాత్రం తెల్లటి చారలు. ఒక కొస నాన్న తల దగ్గర పట్టుకుని, రెండో కొస లాగాడు. అమ్మ కర్రతో నేల మీద గీత చూపించి అంది:

"ఇంకొంచెం జరుపు బిడ్డా. నేను మీ నాయిన కంటె లావుంట."

మొదట వకీలమ్మ నవ్వింది, తర్వాత అమ్మ, ఆ తర్వాత ఏడుస్తూనే తమ్ముడు. నేను కూడా నవ్వాను.

ఇక మిగిలింది కొనేవాళ్ళు. చెప్పాల్సిందేనని వకీలమ్మ పట్టుబట్టింది. వాళ్ళు పారిపోతారని బ్రోకరు తల పట్టుకున్నాడు, నిజం చెప్పాలంటే నాకూ అదే భయం. ఆదివారం వచ్చారు. ఇల్లందులో లారీ నడిపే అతను, అతని భార్య, అతని తల్లి. వకీలమ్మ తిన్నగా సమాధి దగ్గరికే తీసుకుపోయి ఉన్నదున్నట్టు చెప్పింది. రేపు ఇంకొకరు కూడా వస్తారని అమ్మని చూపించి మరీ చెప్పింది. భార్య మొహం వాడిపోయింది. "పిల్లలు భయపడ్తరేమో" అంది మెల్లగా. అయిపోయిందనుకున్నాను.

ఆ ముసలామె కొడుకుతో తమ భాషలో ఏదో అడిగింది. ఆ తర్వాత కోడలి వైపు తిరిగి తెలుగులో అంది. "మన చేను కాడ మీ మామది లేదా? రాయి నిలబెట్టినం గద. పిల్లలు ఆ రాయి ఎక్కే ఆడుకుంటరు. సచ్చినోళ్ళతోని ఏం భయం పిల్లా? బతికినోళ్ళతోనే భయం." ఆ మాట అంటూ ఆమె బ్రోకరు వైపు ఎందుకు చూసిందో తెలీదు గానీ, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

మధ్యలో నడుమెత్తు గోడ కట్టుకుంటామన్నారు, సరేనన్నాం. పంచాయతీ వాళ్ళు, ఉన్న సమాధి పక్కనే కాబట్టి అభ్యంతరం లేదని రాసిచ్చారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో అమ్మ వేలిముద్ర మిషను మీద పడనని మొరాయించింది. జీవితమంతా బోళ్ళు తోమిన వేళ్ళు మరి. వకీలమ్మ తన చీరకొంగుతోనే అమ్మ వేలు తుడిచి మళ్ళీ పెట్టించింది, పడింది. బయటికి రాగానే అమ్మ అడిగింది, "ఇగ ఆ మూల నాదేనా?" అని. "నీదే అమ్మా. రాష్ట్రపతి వచ్చినా అడుగు పెట్టాలంటె నిన్నడగాలె" అంది వకీలమ్మ.

ఎండాకాలం రాకముందే ఖమ్మం ఇంట్లోకి మారాం. మొదటి రోజు అమ్మ గడప దాటి లోపలికి, మళ్ళీ బయటికి, ఊరికే తిరిగింది. ఇప్పుడు వీధి చివర పాలకి కూడా తానే పోతోంది. ఓనరు భార్య బజార్లో కనిపిస్తే పలకరిస్తాను. ఎందుకో ఆమె మీద కూడా కోపం పోయింది.

మొన్న సమాధుల పండుగకి ముగ్గురం ఊరికి వెళ్ళాం. డొంక వైపు గేటు తీసి లోపలికి అడుగుపెట్టి ఆగిపోయాం. నాన్న సమాధి శుభ్రంగా ఊడ్చి ఉంది. పక్కన అమ్మకని ఉంచిన చోటంతా చిక్కుడు పందిరి, లేత కాయలు గుత్తులు గుత్తులుగా. తమ్ముడు కంగారుగా నా మొహం చూశాడు. నేను అప్పటికే కోపంగా నోరు తెరిచాను. గోడ అవతల ఆ ముసలామె కోళ్ళకి నూకలు వేస్తోంది.

"ఏందే ఇది? నా జాగల చిక్కుడు పెట్టినవా?" అంది అమ్మ, నాకంటే ముందే.

"ఖాళీగ ఉండె గదక్కా" అందామె గోడ దగ్గరికి వచ్చి. "నువ్వొచ్చేదాంక ఊకె ఎందుకు ఉంచాలె అని ఏసిన. తప్పైతే పీకేస్త."

అమ్మ పందిరి కింద నిలబడి కర్రతో గుంజ కదిపి చూసింది. ఒక కాయ తుంచి గింజ పట్టిందో లేదో నొక్కి చూసింది.

"పీకకు" అంది. "నేను జల్దీ రాను గని, నువ్వు ఏటేటా పెట్టు."

కొవ్వొత్తులు వెలిగించి, ప్రార్థన చేసుకుని, సంచి నిండా కాయలతో ఇంటికొచ్చాం. సాయంత్రం కూర నేనే వండాను. అమ్మ రెండోసారి అడిగి వేయించుకుంది.