జోలమ్మ దాచిన మాత్రలు

జోలమ్మకు జోలపాట రాదు. ఈ సంగతి ముందే చెప్పేయాలి, లేకపోతే పేరు చూసి మోసపోతారు. ఆమె గొంతెత్తితే నూనె లేని తలుపు తీసినట్టుంటుంది. అయినా సరే, బట్టల ఫ్యాక్టరీ వెనక, కత్తిరింపు షెడ్డు పక్కనున్న పిల్లల గదిలో, మధ్యాహ్నమయ్యేసరికి చంటిపిల్లలంతా చాపల మీద వరసగా నిద్రపోతుంటారు. "నా పాట వినలేక పడుకుంటారే" అని ఆమే నవ్వుతుంది. ఏ బిడ్డ చెవి పట్టుకుని నిద్రపోతాడో, ఏ బిడ్డకు పాదం నిమరాలో, ఎవరిని గోడవైపు తిప్పి పడుకోబెట్టాలో ఆమెకు తెలిసినంతగా కన్నతల్లులకు తెలియదు. తెలుసుకునే తీరిక వాళ్లకెక్కడిది?

ఆ గది ఎవరి దయవల్లా రాలేదు. మెషీన్ల కింద గుడ్డపీలికల మూటల మధ్య పిల్లల్ని పడుకోబెట్టి కుట్టిన ఆడవాళ్లు గేటు ముందు బైఠాయిస్తే వచ్చింది. యాజమాన్యం నాలుగు గోడలు, ఒక ఫ్యాను, రెండు బకెట్లు ఇచ్చి చేతులు దులుపుకుంది. పనికిరావని పక్కన పడేసిన చొక్కా ముక్కలతో బొంతలు కుట్టింది జోలమ్మ. కిటికీకి తెర కట్టింది, గోడ మీద పిల్లలకు అందేంత ఎత్తులో కాకి బొమ్మ గీసింది. అది కాకి కాదు, ఏనుగని కొందరు పిల్లల వాదన.

అంతకు ముందు ఆమె కూడా మెషీన్ మీదే పనిచేసేది. చొక్కాలకు కాజాలు కుట్టేది. బాత్రూంకి లేచినప్పుడల్లా సూపర్‌వైజర్ గడియారం వైపు చూసేవాడు. ఆ చూపు పడలేక ఆడవాళ్లు నీళ్లు తాగడమే తగ్గించుకున్నారు. ఆమె కిడ్నీలు పాడైంది అందువల్లేనని డాక్టరు అనలేదు. కాదనీ అనలేదు.

తమ్ముడు కిడ్నీ ఇచ్చాడు. ఇళ్లకు రంగులు వేసే మనిషి, నోరు తిరిగిన మనిషి. పొద్దుగూకేటప్పుడు ఫోన్ చేసి, "నా కిడ్నీ ఎలా ఉంది?" అని ముందడుగుతాడు. అక్క సంగతి ఆ తర్వాతే. "నీకంటే బుద్ధిగా ఉంది. చెప్పిన పని చేసుకుపోతోంది" అంటుంది ఆమె.

ఆ కిడ్నీ బుద్ధిగా ఉండటానికి మాత్రలున్నాయి. పొద్దునా రాత్రీ, వేళ తప్పకుండా, బతికినంతకాలం. వాటితో ఒంట్లో జబ్బుల్ని ఎదిరించే శక్తి తగ్గుతుందని, మాస్కు పెట్టుకోమని, చేతులు కడుక్కోమని, జ్వరమొచ్చినవాళ్లకు దూరంగా ఉండమని ఆసుపత్రిలో చెప్పారు. ఏం పని చేస్తావని డాక్టరు అడిగితే "కూర్చుని చేసే పని" అంది. అబద్ధం కాదు, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునే చేస్తుంది. పక్కింటావిడ మంచిమనసుతో ఏదో ఆకుల పొడి తెచ్చి, ఒంట్లో శక్తి పెరుగుతుంది, పాలలో కలుపుకో అంది. డాక్టర్ని అడగకుండా ఏదీ మింగొద్దన్నారు కాబట్టి జోలమ్మ దణ్ణం పెట్టి తీసుకుని అటక మీద దాచింది.

ఫ్యాక్టరీలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆపరేషన్‌కు పెట్టిన సెలవుకు ఊళ్లో పనుందని సాకు చెప్పింది. మాస్కెందుకంటే, గుడ్డల నూగు పడదంది. రోగిష్టి మనిషిని పిల్లల దగ్గర ఉంచుతారా? మళ్లీ కాజాల మెషీన్ మీదికన్నా పంపుతారు, గేటు బయటికన్నా పంపుతారు. ఆ గది లేకపోతే ఆమెకు పొద్దే పొడవదు.

ఇదిలా ఉంటే, తల్లుల దగ్గర ఇంకో దాపరికం ఉంది. జ్వరమున్న బిడ్డను గదిలోకి రానివ్వకూడదని నియమం. రానివ్వకపోతే తల్లి ఇంటికి పోవాలి, ఆ రోజు కూలి పోతుంది, వరసగా పోతే ఉద్యోగమే పోతుంది. అందుకని రాత్రి బిడ్డ ఒళ్లు కాలితే, పొద్దున్నే జ్వరం సిరప్ పట్టి తీసుకొచ్చేవాళ్లు. జోలమ్మ నుదుటి మీద చెయ్యి వేసేసరికి చల్లగా తగిలేది. మధ్యాహ్నం మందు దిగిపోయాక జ్వరం మళ్లీ ఎక్కితే, "ఇప్పుడే వచ్చినట్టుంది" అనేవాళ్లు. ఏ తల్లీ సరదాకి ఈ పని చెయ్యదు. బిడ్డ జ్వరాన్ని తల్లి తప్పుగా లెక్కగట్టే చోట ఇలాగే జరుగుతుంది.

కాలర్లు కుట్టే ఆవిడకు ఒక కూతురుంది. గుండ్రటి బుగ్గలు, పొట్టి కాళ్లు. అందరూ బుడంకాయ అంటారు. ఒకరోజు బుడంకాయ ఆడలేదు, ఎవరినీ కొరకలేదు. వచ్చినప్పటినుంచి జోలమ్మ ఒళ్లోనే ముడుచుకుని, మెడలో మొహం దూర్చి పడుకుంది. మధ్యాహ్నం గౌను మార్చబోతే పొట్ట మీద నీటిపొక్కులు కనబడ్డాయి. కొన్ని ఎర్రగా, కొన్ని అప్పుడే ముత్యాల్లా తేలుతూ.

ఆటలమ్మ.

తల్లిని పిలిపించి బిడ్డను ఇంటికి పంపేసి, జోలమ్మ చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. పొద్దుటినుంచీ ఆ పిల్ల ఊపిరి తన మెడ మీదే ఉంది. మామూలు మనుషులకు అది వారం పదిరోజుల దురద. ఆమెకు ప్రాణం మీదికి రావచ్చని, అలాంటివాళ్లు తగిలితే ఒంట్లో ఏమీ లేకపోయినా వెంటనే ఫోన్ చెయ్యమని ఆసుపత్రిలో నొక్కి చెప్పారు. కానీ ఫోన్ చేస్తే రమ్మంటారు. వెళ్తే సెలవు పెట్టాలి. సెలవు పెడితే కారణం చెప్పాలి. చెప్తే పిల్లలు దూరమవుతారు.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేసేసరికి ఆమె ఒక ఉపాయం ఆలోచించి పెట్టుకుంది. మాటల మధ్యలో ఊరికే అడిగినట్టు అడిగింది. "ఒరేయ్, ఆ మాత్రలు నాలుగు రోజులు ఆపితే ఏమవుతుంది? ఒంటికి కాస్త బలమొస్తుంది కదా?"

అవతల బకెట్లో బ్రష్షు పడేసిన చప్పుడు వినబడింది.

"ఏమైంది, అక్కా?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే మాత్రల మాటెందుకొచ్చింది? చెప్పు."

చెప్పింది. తమ్ముడు తిడతాడనుకుంది. అతను నెమ్మదిగా అన్నాడు. "అక్కా, నీ ఒంట్లో కావలివాళ్లున్నారు చూడు, వాళ్లకు నా కిడ్నీ అంటే ఇప్పటికీ దొంగే. ఎన్నేళ్లున్నా ఇంటివాడు కాడు. ఆ మాత్రలున్నాయి కాబట్టి కర్ర పక్కన పెట్టి కూర్చున్నారు. ఆటలమ్మను కొట్టమని నువ్వు వాళ్లను లేపావనుకో, ముందు నన్నే కొడతారు."

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "మరి పిల్లలురా?"

"నువ్వుంటే కదా పిల్లలు. ఫోన్ పెట్టి నర్సమ్మకు చెయ్. చెయ్యకపోతే ఈ రంగు చేతులతోనే వస్తా."

ఆసుపత్రి నర్సు రెండు ప్రశ్నలడిగింది. ఎప్పుడు తగిలింది, చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా అని. మొదటిదానికి జవాబుంది, రెండోదానికి లేదు. చెప్పగల అమ్మ ఎప్పుడో పోయింది. ఇవాళే చెప్పి మంచిపని చేశావంది నర్సు. మాత్ర ఒక్కటి కూడా మానొద్దు, సొంతంగా తగ్గించొద్దు, రేపు పొద్దున్నే రా, రక్తపరీక్ష చేసి ఇంజెక్షన్ ఇస్తారు, ఆలస్యమయ్యేకొద్దీ దానితో ఉపయోగం తగ్గిపోతుందని చెప్పింది.

జోలమ్మ రాత్రి మాత్ర వేళకే వేసుకుని, గ్లాసు కింద పెట్టేలోగా గుమ్మంలో అలికిడైంది. కాలర్లావిడ.

"అక్కడే ఆగు, లోపలికి రాకు" అంది జోలమ్మ.

ఆవిడ మెట్టు మీదే ఆగిపోయింది. తిట్టడానికి ఆపిందనుకుంది పాపం. "తిట్టు పెద్దమ్మా. పొద్దున సిరప్ పట్టే తెచ్చాను. నిన్న కూడా. పొక్కులు మాత్రం చూడలేదు, బిడ్డ మీద ఒట్టు."

"ఒట్లెందుకే. నేనూ మందులు దాచినదాన్నే" అని జోలమ్మ చేతిలో ఉన్న డబ్బా ఎత్తి చూపింది. కిడ్నీ సంగతి, మాత్రల సంగతి, రేపటి ఇంజెక్షన్ సంగతి అంతా గుమ్మానికి అటొకరు ఇటొకరు నిలబడే చెప్పుకున్నారు. కాలర్లావిడ ఆ డబ్బా వైపే చూసింది. చివరికి, "ఇన్నాళ్లూ మా పిల్లల ముక్కులు తుడిచావు కదే తల్లీ" అని మెట్టు మీద కూలబడింది.

మర్నాడు జోలమ్మ ఆసుపత్రిలో ఉన్న సమయంలో, అన్నం తినే వేళ కాలర్లావిడ లేచి నిలబడి జరిగింది చెప్పింది. ఇంకా ఎవరెవరు సిరప్ పట్టి తెచ్చారని అడిగింది. ఒకావిడ గిన్నె పక్కన పెట్టింది. తర్వాత ఒక చెయ్యి లేచింది. దాని వెనక ఇంకోటి. ఇస్త్రీ సెక్షన్ మొత్తం లేచింది.

అందరూ కలిసి మేనేజరు దగ్గరికి వెళ్లారు. అలాంటి జబ్బుమనిషి దగ్గర ఉంటే పిల్లలకు ప్రమాదం కాదా అని ఆయన అడిగాడు.

"ఆమె వల్ల మా పిల్లలకు ప్రమాదం లేదు సార్. మా పిల్లల వల్లే ఆమెకు ప్రమాదం. ఆ ప్రమాదాన్ని మేమే ఎత్తుకొచ్చి ఆమె ఒళ్లో పెట్టాం. మీ కూలి కోతకు భయపడి పెట్టాం" అంది కాలర్లావిడ.

బిడ్డకు జబ్బు చేస్తే తల్లికి పూర్తి కూలితో సెలవు కావాలన్నారు. యాజమాన్యం సగం కూలికి ఒప్పుకుంది. సగం కూలి అంటే సగం అబద్ధానికి ఇంకా చోటున్నట్టే, ఆ పోరాటం అయిపోలేదు. కానీ గదిలోకి రెండో ఆయా వచ్చింది, సబ్బూ గ్లోవ్సూ వచ్చాయి. జోలమ్మ ఉద్యోగం జోలమ్మకే ఉంది.

ఇంజెక్షన్ ఇచ్చినా, సెలవులో ఇంట్లో ఉండగా మూడో వారంలో ఆమెకు నాలుగు పొక్కులు లేచాయి. వార్డులో పెట్టి మందులెక్కించారు. తమ్ముడు గాజు తలుపు అవతల నిలబడి చేతులతో ఏవేవో సైగలు చేశాడు. కిడ్నీకి ఏమీ కాలేదు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, పిల్లల దగ్గర పని మానమని నేననను, జబ్బు చేసిన బిడ్డను మాత్రం ముట్టుకోవద్దు, నీ పని మా దగ్గర దాచొద్దు అన్నాడు.

మళ్లీ పనిలోకి వెళ్లిన వారంలోనే, ఇస్త్రీ సెక్షన్ అమ్మాయి కొడుకునెత్తుకుని గది ముందుకొచ్చి, లోపలికి రాకుండా దూరంగా ఆగింది. రాత్రి ఒళ్లు వెచ్చబడిందని, సిరప్ పట్టలేదని, సగం కూలి పోతే పోనీ ఇంటికి పోతున్నానని, చెప్పిపోదామని వచ్చానని అంది. జోలమ్మ గుమ్మం లోపలే నిలబడి, నీళ్లు బాగా పట్టమని, సాయంత్రానికి తగ్గకపోతే డాక్టరుకు చూపించమని చెప్పింది. తల్లి వెనుదిరగ్గానే ఆ బుల్లి వెధవ భుజం మీదనుంచి ఇటు వంగి, రెండు చేతులూ చాపి ఒకటే ఏడుపు. గేటు దాటేదాకా జోలమ్మ చేతులు వెనక్కి కట్టుకునే నిలబడింది. అలా నిలబడటం ఆమెకు ఇంకా సరిగ్గా చేతకావడం లేదు.